అన్నీ ఎడమవే

ఆ దర్జీ దుకాణంలో ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. యజమానికి బావ. కుట్టేవాళ్లకు మాస్టారు. చాటున మాత్రం అందరికీ ‘ఇంకోలా’. ఎవరు ఏ గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచినా దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, “ఇంకోలా చేస్తే ఎలా ఉంటుందంటారు?” అనడం ఆయన అలవాటు. ఆ ప్రశ్నకు తమ జవాబు అక్కర్లేదని కొత్తవాళ్లకు తెలిసేలోపే ఆయన చూపు గుడ్డ మీద నుంచి లేచి వాళ్ల మెడ మీదికో, నడుము మీదికో, వాళ్లు ఒక కాలి మీద బరువు వేసి నిలబడిన తీరు మీదికో పోయేది.

దుకాణం ఆయన భార్య తమ్ముడిది. ముందు అద్దాల తలుపు, పక్కన కౌంటరు, కౌంటరులో ఆయన భార్య. తెర వెనక కత్తిరింపు బల్ల. ఇరుకు మెట్లు ఎక్కితే పైన మిషన్ల గది. పైనవాళ్లకు కింద ఏం కోశారో మూట పైకి వచ్చేదాకా తెలియదు. మూట విప్పుతూ, కాజాలు కుట్టే కాజాల పిన్ని రోజూ ఒకే మాట అనేది: “ఇవాళ మాస్టారు ఏం కలగన్నారో చూద్దాం.”

ఒకసారి చెయ్యి విరిగి కట్టు వేయించుకున్న పిల్లను తల్లి తీసుకొచ్చింది, కాలేజీలో ఏదో వేడుకకు గౌను కావాలని. ఆయన గౌనుకు ఒక చేతిని భుజం నుంచి మణికట్టు దాకా నిలువునా తెరిచి, వరసగా గుండీలు పెట్టాడు. ఆ పిల్ల గౌను తొడుక్కుని అద్దం ముందు నిలబడి, కట్టు విప్పాక కూడా ఇలాగే ఉంచుకుంటానంది. ఆ వీధిలో చాలామంది ఆ సంగతి చెప్పుకున్నారు. బావమరిది కూడా చెప్పుకున్నాడు, ఇంకో రకంగా.

“బాగుంది బావా, కాదనను. కానీ ఆ గౌను కోసం ఎన్ని చొక్కాలు ఆగిపోయాయో తెలుసా? చేతులు విరిగినవాళ్ల కోసం పెట్టిన షాపు కాదు కదా ఇది.”

ఆగిపోయినవి నిజంగానే ఉన్నాయి. బల్ల కింద అరలో మూటలు కట్టి ఉండేవి. సగం కోసిన పంట్లాము, కాలరు ఆలోచిస్తూ వదిలేసిన కోటు, ఎందుకు మొదలుపెట్టాడో ఆయనకే గుర్తులేని ఒక టోపీ. ఇంటర్వ్యూ కోసం మట్టిరంగు గుడ్డ తెచ్చిన కుర్రాడిదైతే మరీ అన్యాయం. ఆ రంగులో అతను తనలా కనిపించడని ఆయనకు అనిపించింది. అనిపించాక కత్తెర కదలలేదు. ఆ మాట అతనితో చెప్పనూ లేదు, గుడ్డ కోయనూ లేదు. కుర్రాడు ఇంటర్వ్యూ రోజు పొద్దున వచ్చి కౌంటరు ముందు ఏడుపు ఒక్కటే తక్కువగా నిలబడ్డాడు. భార్య లేచి, తన తమ్ముడి కోటు ఒకటి ఇచ్చి పంపింది.

“వాడికి చెప్పకపోయారా, నాకు నచ్చలేదని?” అని అడిగింది తర్వాత.

“చెబితే బాధపడతాడనుకున్నా.”

“ఇప్పుడు సంతోషించాడు మరి.”

పెళ్లయిన కొత్తలో ఆమెకు ఈ మనిషి ముచ్చటగా ఉండేవాడు. దారిన పోతూ గోడ మీద తడి మరక చూసి, అది భుజం మీద నుంచి జారిన శాలువాలా లేదూ అనేవాడు. ఆమె ఆగి చూసేది, అలాగే కనిపించేది. ఇప్పుడు ఆయన ఆగితే ఆమె ఆగకుండా ముందుకు నడిచేది.

ఆస్పత్రి కోట్ల పని వచ్చింది అప్పుడే. సిబ్బంది అందరికీ ముదురు నీలం కోట్లు, ఒకే తీరువి, వందకు పైనే. అంత పెద్ద పని ఆ దుకాణానికి ఎప్పుడూ రాలేదు. ఒప్పుకునేముందు బావమరిది అక్కను పక్కకు పిలిచాడు.

“అక్కా, బయటి నుంచి కటింగ్ మాస్టర్‌ని పెట్టుకుంటే పని అయిపోతుంది. కానీ పెట్టుకున్నాక బావని మళ్లీ బల్ల దగ్గరికి రానివ్వలేను. ఇద్దరికి చోటు లేదు. అందుకని ముందు ఆయనకే ఇస్తా. ఇది సరిగ్గా వస్తే బల్ల ఆయనదే, నేను మళ్లీ నోరెత్తను. రాకపోతే నువ్వు నోరెత్తకూడదు.”

“ఆయన పెద్దవారు రా. ఇంకేం చేస్తారు, కత్తెర కాకుండా?”

“అందుకే కదా ముందు నీకు చెబుతున్నాను.”

ఇంటికి నడుస్తూ ఆమె భర్తకు అంతా చెప్పింది. కళ్లజోళ్ల దుకాణం దాటారు, బట్టలుతికే దుకాణం దాటారు. ఆయనకు యాభై దాటాయి. కుట్టు మిషను ముందు కూర్చుంటే సూది మొన ఆయనకు రెండుగా కనిపిస్తుంది. గుండీలు కుట్టే ఓర్పు లేదు. లెక్కలు చూస్తే కౌంటరు మునుగుతుంది. బల్ల పోతే ఆయన ఆ దుకాణంలో బావమరిది బావ మాత్రమే.

“ఈ ఒక్కటి వాడు చెప్పినట్టు చెయ్యండి. మీకు అనిపించినట్టు కాదు” అంది ఆమె మెట్ల దగ్గర.

“అనిపించడాన్ని ఇంట్లో గొళ్లెం వేసి వస్తాలే.”

ఆమె నవ్వలేదు. ఆయన కూడా హాస్యానికి అనలేదు.

ఆ వారమే ఆయన చెల్లెలి కూతురు వచ్చింది. మనస్తత్వశాస్త్రం చదువుతోంది. మనుషుల మనసులు ఎన్ని రకాలుగా నడుస్తాయో క్లాసులో చెబుతున్నారట, ఎవరినైనా ఒకరిని దగ్గరగా చూసి మాట్లాడాలట. మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్లాక బల్ల అంచు మీద కూర్చుని ఆయనను ప్రశ్నలు అడిగింది. పని మధ్యలో వదిలేస్తారా, కొత్త ఇంట్లో నిద్ర పడుతుందా, ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఎదురు చెబుతారా, లోపల పెట్టుకుంటారా.

“నన్ను కోసి చూడకుండా ఇదంతా ఎందుకే?” అన్నాడు ఆయన.

“కోస్తే అత్త ఒప్పుకోదేమోనని నాన్న అన్నాడు.”

“నీ అత్తా? సుద్ద గీసి ఇస్తుంది.”

తెర అవతల నుంచి భార్య దగ్గింది.

ఆ పిల్ల చివరికి నాలుగు ఇంగ్లిషు అక్షరాల పేరు ఒకటి చెప్పింది. ఆయన మొహంలో ఏమీ కనిపించకపోయేసరికి కాళ్లు ఊపడం ఆపింది.

“ఇలా అనుకోండి మావయ్యా. మీ తలలో ఒక ఇల్లుంది. ఇంట్లో నలుగురున్నారు. పెత్తనం చేసేవాడు లోపలి గదిలో కూర్చుంటాడు, బయటికి రాడు. ఏది తనకు సరైనదో, ఏది కాదో వాడికి వాడే తేల్చుకుంటాడు. కారణం అడిగితే చెప్పలేడు. కాదంటే మాత్రం కొండని కదిపినా వాణ్ని కదపలేం.”

“ఆ మట్టిరంగు గుడ్డ” అన్నాడు ఆయన.

“ఆఁ, అదే. రెండోవాడు వీధి మనిషి. ఒకటి చూస్తే పది కనిపిస్తాయి. ఇంటికి రావడం మర్చిపోతాడు. మూడోది ఒక ముసలమ్మ. పాతవి దాస్తుంది. ఎప్పటివో వాసనలు, ఎవరో తొడుక్కున్న చొక్కాలు. అలిసిపోతే ఆవిడ పక్కన కూర్చుంటారు మీరు.”

“నాలుగోవాడు?”

“చంటివాడు. వరస, లెక్క, టైము, మొదలుపెట్టింది ముగించడం, ఇవన్నీ వాడి పనే. మీ ఇంట్లో వాడు ఎదగలేదు. అలాగని లేడని కాదు. మిగతా ముగ్గురి నోరూ నొక్కేసి బాగా ఒత్తిడి పెడితే వాడే ఇంటి తాళాలు లాక్కుంటాడట. అప్పుడు మనిషి మారిపోతాడు, అన్నీ రూలు ప్రకారం కావాలంటాడు, అందరి మీదా అరుస్తాడు. చంటివాడి పెత్తనం కదా.”

“మీ అత్త ఆ ఇంట్లో ఎక్కడుంది?” అని అడిగాడు.

“బయట. తలుపు కొడుతూ.”

ఈసారి తెర అవతల నుంచి దగ్గు రాలేదు.

నీలం గుడ్డ తాన్లు మర్నాడు దిగాయి. ఒక వైపు నున్నగా మెరుస్తుంది, వెనక వైపు తెల్లటి నేత కనిపిస్తుంది. పొరపాటున తిరగేసి కుట్టినా వీధి చివరి నుంచే తెలిసిపోతుంది. బావమరిది కొత్తగా కరెంటు కత్తెర కొన్నాడు. గుండ్రటి పలక గిర్రున తిరుగుతూ పొరలు పొరలుగా కోసుకుపోతుంది.

“మడత పెట్టి ఒక్కొక్కటి కోయొద్దు బావా, ఏడాది పడుతుంది. గుడ్డ విప్పి బల్ల నిండా పరచు. మెరిసే వైపు పైకి. దాని మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి. పైపొర మీద నమూనా అట్ట పెట్టి గీసుకో. ఒక్క దెబ్బకి అన్నీ తెగుతాయి.”

“సరే.”

“ఏదైనా అనిపిస్తే—”

“ఏమీ అనిపించదు” అన్నాడు ఆయన.

నిజంగానే ఆయన మారాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి తాళం కోసం నిలబడేవాడు. సుద్ద ముక్కలను పొడవు ప్రకారం పేర్చాడు. బల్ల కింది మూటలన్నీ తీసి గోనెసంచిలో కుక్కి మెట్ల కింద పడేశాడు. కొలిచిందే మళ్లీ కొలిచాడు, బల్ల పొడవు కూడా కొలిచాడు. టీ తెస్తే గుడ్డ మీద ఒలుకుతుందని వెనక్కి పంపాడు. పైన మెట్ల మీద దారం ముక్క కనిపిస్తే కేకేసి అందరినీ కిందికి పిలిపించాడు.

“ఇంకోలాకి ఏమైంది?” అనుకున్నారు పైన.

“మిషను మింగారు” అంది కాజాల పిన్ని.

భార్యకు మొదట ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో కూడా ఆయన చెప్పులు ఒకే దిక్కుకు పెట్టాడు. తిండి దగ్గర మాట్లాడలేదు. రెండు మూడు రోజులకు ఆ నిశ్శబ్దం ఆమెను లోపల ఎక్కడో గీరడం మొదలుపెట్టింది. అయినా ఏమీ అనలేదు. తను అడిగిందే ఆయన చేస్తున్నాడు.

కోత రోజు ఆయన నీలం పొరలు పరిచి, అంచులు సరిచేసి, ఇనుప బరువులు పెట్టాడు. అట్ట తీసుకుని కోటు ముందు భాగం గీశాడు. పక్కన ఖాళీలో మళ్లీ అట్ట పెట్టి మళ్లీ గీశాడు. చేతులవి కూడా అలాగే.

దర్జీ పనిలో గుడ్డను మధ్యకు మడిచి, ఒకదాని మొహం ఒకటి చూసేలా పెట్టి కోస్తారు. పైన ఎడమ గీస్తే కింద కుడి దానంతటదే తెగుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఆయన అలాగే కోశాడు. కుడివైపు ఎలా వస్తుందో ఆయన చేతులు ఎన్నడూ ఆలోచించలేదు, ఆ సంగతి మడతే చూసుకునేది. ఇప్పుడు మడత లేదు. పొరలన్నీ ఒకే వైపు మొహం పెట్టుకుని ఉన్నాయి. ఇలాంటప్పుడు ఒకసారి గీశాక అట్టను బోర్లా తిప్పి రెండోది గీయాలి. ఆయన తిప్పలేదు. బల్ల పొడవు రెండుసార్లు కొలిచిన మనిషి అట్టను మాత్రం తిప్పలేదు.

కాజాల పిన్ని నీళ్ల కోసం కిందికి దిగి బల్ల పక్కన ఆగింది. తల ఒక పక్కకు వంచి సుద్ద గీతలు చూసింది.

“మాస్టారూ, ఈ రెండూ—”

“నీ పని పైన ఉంది.”

“అది కాదండీ, ఇటువైపుది కూడా—”

“పైన ఉందన్నానా!”

ఆమెతో ఆయన అలా మాట్లాడడం అదే మొదలు. సీసా నింపుకోకుండానే ఆమె మెట్లెక్కింది. ఆయన కరెంటు కత్తెర మీట నొక్కాడు. అది గుర్రుమంటూ గీతల వెంట వంకర లేకుండా, వెంట్రుక వాసి తేడా లేకుండా వెళ్లింది. సాయంత్రానికి అన్ని తాన్లూ అయిపోయాయి. జీవితంలో మొదటిసారి చెప్పిన గడువుకు ముందే పని ముగించాడు. బావమరిది వచ్చి కట్టల అంచులు చేత్తో తడిమి, “శభాష్ బావా” అన్నాడు. భార్య కౌంటరులో నుంచి చూసి, చూడనట్టు తల దించుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

మర్నాడు పైన మిషన్లు మొదలైన కాసేపటికే ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కుట్టేవాడు ఒకడు రెండు ముక్కలు చేతిలో పట్టుకుని కిందికొచ్చాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే.

“మాస్టారూ, కుడివి ఏ కట్టలో ఉన్నాయి?”

ఆయన ముక్కలు తీసుకుని ఒకదాన్ని తిప్పాడు. తెల్లటి నేత పైకొచ్చింది. ఇంకో కట్ట విప్పాడు. ఇంకోటి. బల్ల నిండా నీలం ఎడమ భాగాలు, నీలం ఎడమ చేతులు. ఆ కోట్లకు కుడి పక్క అనేదే లేదు.

బావమరిది అరుస్తాడని అందరూ మెట్ల మీద నిలబడ్డారు. అతను అరవలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“నీ ఇష్టమొచ్చినట్టు చేసి పాడుచేస్తే కోప్పడేవాణ్ని బావా. నేను చెప్పినట్టే చేసి పాడుచేశావు. ఇప్పుడు ఏమనను నిన్ను?”

ఆయన బల్ల మీదికి చూస్తున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ కళ్లలో ఏదో కదిలింది. ఒక ఎడమ భాగాన్ని చేతిలోకి తీసుకుని, ఇంకోదాన్ని తెల్లటి వైపు పైకి వచ్చేలా తిప్పి దాని పక్కన పెట్టాడు. నీలం పక్కన తెలుపు. తలుపు ఓరగా తెరిచినట్టుంది. మెడ దగ్గర మడిస్తే ఆ తెలుపే కాలరు అవుతుంది.

“ఒకవేళ దీన్ని—” అన్నాడు.

“వద్దండీ” అంది భార్య. ఆమె ఎప్పుడు కౌంటరు వదిలి తెర దగ్గరికి వచ్చిందో ఎవరూ చూడలేదు. గొంతులో కోపం లేదు. “వద్దు.”

ఆయన ముక్కను మళ్లీ సరైన వైపుకు తిప్పి కట్ట మీద పెట్టాడు. బావమరిది అక్క వైపు చూశాడు. ముందు అనుకున్న ప్రకారం ఆమె నోరెత్తలేదు.

విషయం తెలిసి మేనకోడలు పరుగున వచ్చింది. “మావయ్యా, నేను చెప్పింది ఇదే! నాలుగోవాడు తాళాలు లాక్కోవడం అంటే ఇదే, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు—” అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి ఆపేసింది. మెట్ల మీద ఆయన పక్కన కూర్చుంది.

“తప్పు మీది కాదు” అంది మెల్లిగా.

“ఎవరిదైతే ఏంలే. ఇప్పుడు తెలిసింది కదా. తెలిశాక ఏం చెయ్యాలి?”

“తెలుసుకోవడమే ముఖ్యం అంటారు.”

“తెలుసుకుని?”

ఆ పిల్ల వేళ్లు విరుచుకుంది. “మీకు తగిన పని చూసుకోవాలి. మిమ్మల్ని మీలా ఉండనిచ్చే చోటు.”

“ఇదే ఆ చోటు. ఇన్నేళ్లు ఉండనిచ్చారు” అన్నాడు ఆయన. “నాలుగోవాణ్ని ఇప్పుడు పెంచడం కుదరదా?” అని అడిగాడు, చిన్నపిల్లవాడి ఆరోగ్యం గురించి డాక్టరును అడిగినట్టు.

“కొంచెం పెంచొచ్చు. కానీ మీ వయసులో...” అని ఆ పిల్ల మిగతాది మింగేసింది.

కొత్త కటింగ్ మాస్టరు వచ్చాడు. నలభై లోపు మనిషి, మర్యాదస్తుడు, తన కత్తెర తనే తెచ్చుకున్నాడు. మళ్లీ తెప్పించిన నీలం గుడ్డను కోసి కోట్లు వేళకు అందించాడు. ఆయనకు మాత్రం తెర పక్కన ఇస్త్రీ బల్ల వేశారు. కుట్టి కిందికి వచ్చినవాటిని ఇస్త్రీ చేసి, మడిచి, కౌంటరుకు ఇవ్వాలి. ఇస్త్రీలో ఇంకోలా చేయడానికి ఏమీ లేదు. పాత పేరు కొన్నాళ్లకు వాడుకలోంచి పోయింది. కాజాల పిన్ని మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టింది, అదీ మర్యాదగా, కొత్తవాళ్లతో మాట్లాడినట్టు.

“ఇప్పుడు బాగుంది బావా, పని వెంటవెంటనే అవుతోంది” అన్నాడు బావమరిది ఒకరోజు, నిజంగానే సంతోషంగా.

ఇంట్లో కూడా అంతా సవ్యంగా ఉంది. ఒక సాయంత్రం నడుస్తూ భార్య కళ్లజోళ్ల దుకాణం ముందు ఆగి, వాన వెలిసిన గోడను చూపించి, “అది ఎలా ఉంది చెప్పండి” అని అడిగింది. ఆయన చూశాడు. శ్రద్ధగానే చూశాడు. “తడిసింది” అన్నాడు.

లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఒకావిడ ఏటా చలికాలానికి ముందు ఒక కోటు కుట్టించుకునేది. ఈసారి కూడా వచ్చింది. కొత్త మాస్టరు ఆమె కొలతలు టేపుతో శుభ్రంగా తీసుకున్నాడు. ఆవిడ కుడి భుజం ఎడమదానికంటే బాగా కిందికి ఉంటుంది. ఇన్నేళ్లూ ఆయన ప్రతిసారీ ఆ భుజం లోపల అస్తరు కింద రెండు పొరల దూది ఎక్కువ పెట్టి, కుడి జేబును ఒక వేలెడు పైకి జరిపేవాడు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు, భార్యకూ చెప్పలేదు. కొత్త మాస్టరుకు చెబుదామని కోత రోజు బల్ల దాకా వెళ్లాడు. అతను నోట్లో గుండుసూదులు పెట్టుకుని లెక్క వేసుకుంటున్నాడు. “ఏంటండీ?” అన్నట్టు కనుబొమలు ఎత్తాడు. ఏమీ లేదని ఆయన వెనక్కి వచ్చేశాడు.

ఆవిడ కోటు తొడుక్కుని నిలువుటద్దం ముందు నిలబడింది. గుండీలు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది.

“నా భుజం ఎప్పుడు జారింది ఇలా?”

“కోటు కొలత సరిగ్గానే ఉందండీ” అన్నాడు కొత్త మాస్టరు, టేపు పెట్టి చూపిస్తూ. “భుజమే అలా ఉంది.”

“పోయినేడు లేదే.”

అతను మర్యాదగా టేపు చుట్టుకున్నాడు. ఆవిడ ఇంకాసేపు అద్దంలో చూసుకుంది.

“వయసు” అంది చివరికి. కౌంటరులో డబ్బు కట్టింది.

తెర సందులోంచి ఆయన అంతా చూశాడు. ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, తెర అంచు పట్టుకున్నాడు. భార్య తల తిప్పి ఆయన వైపు చూసింది, ఏం కావాలన్నట్టు. ఆయన తెర వదిలి వెనక్కి వచ్చి, తర్వాతి చొక్కా కాలరు బల్ల మీద పరిచాడు. అద్దాల తలుపు అవతల ఆవిడ కుడి భుజాన్ని బలవంతాన పైకెత్తి పట్టుకుని నడుస్తోంది.